పిన్నితో చెప్పని నొప్పి

ఆదివారం

ఈ వారం వార్డు దినచర్య రాసే వంతు నాది. ట్రాక్టరు స్టీరింగు తప్ప కలం పట్టిన చెయ్యి కాదు నాది. అయినా వంతంటే వంతే. "ఏం జరిగితే అది రాయండి, కూరల దగ్గర్నుంచీ" అంది డాక్టరమ్మ. సరే, కూరల దగ్గర్నుంచే మొదలుపెడతాను.

పొద్దున గోంగూర మడికి నీళ్లు పెట్టాను. చంద్రుడి మీద నీళ్లు పోస్తే ఒక పట్టాన కిందికి దిగవు. పెళ్లివారు భోజనాలకి లేచినట్టు తీరుబడిగా దిగుతాయి. మొదటి కోత కోసేశాం! పుల్లగా, ఎర్రకాడతో, అచ్చం మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి తెచ్చుకున్న విత్తనమే. ఉడికించి పప్పులో వేస్తే తినొచ్చంది డాక్టరమ్మ. పచ్చివి ముట్టుకోవద్దంది. మా ఒంట్లో తెల్లకణాలు అంతంత మాత్రం కదా.

మా ఊరు బూడిదవలస. ఇక్కడి ధూళిలోంచి లోహం తీస్తాం. నా పేరు సూరీడమ్మ. కిందటేడు సూర్యుడి తుపాను వచ్చినప్పుడు బయట పనిలో ఉన్నవాళ్లలో నేనొకదాన్ని. సూరీడి పేరే పెట్టుకున్నానని కూడా చూడలేదు మహానుభావుడు! కొన్నాళ్లకి రక్త కాన్సరన్నారు. అప్పట్నుంచి ఆ జబ్బు పట్టినవాళ్లం నేలలోపల తవ్విన ఈ వార్డులో ఉంటున్నాం, అందరం పెద్దవాళ్లమే.

పక్క మంచం మా బావది. అసిరినాయుడు, మా అప్ప గున్నమ్మ మొగుడు, సొరంగాల మేస్త్రి. ఈ ఊళ్లో సగం సొరంగాలు ఆయన తవ్వించినవే. ఇద్దరికీ రెండేసి మందు కోర్సులు అయ్యాయి. రక్తం ఇప్పటికి శుభ్రంగా ఉంది. మూడోది కూడా పడితేనే జబ్బు వెనక్కి రాకుండా ఉంటుంది. బావకి వచ్చే శనివారం మొదలు, నాకు ఆ తర్వాత.

ఇవాళ పొద్దున బావ గోడవైపు తిరిగి పడుకునే, "మూడోది నాకొద్దు తల్లీ. ఇంటికెల్లిపోతాను" అనేశాడు డాక్టరమ్మతో.

నా చేతిలో పప్పుగరిటె అలాగే ఆగిపోయింది. ఇంటికెళ్లడమంటే ఏమిటో వార్డులో అందరికీ తెలుసు.

సోమవారం

అప్ప వచ్చింది. లోపలికి రానివ్వరు కాబట్టి అద్దానికి అవతల కూర్చుంది. బావని లేపాను.

"ఎలగున్నావు?" అంది అప్ప.

"పర్నేదు" అన్నాడు బావ.

"మూడోది వొద్దన్నావంట."

"సాల్లే. నువ్వు తిన్నావా?"

అంతే. ఆపైన ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చెరో గోడనీ చూశారు. ఆయన్ని పట్టుకుని ఊపెయ్యాలనిపించింది. ఊపితే ఎక్కడ కమిలిపోతాడోనని ఊరుకున్నాను.

డాక్టరమ్మ మెహజబీన్‌ని నడవాలో ఆపి అడిగాను. కర్నూలు పిల్ల, మా అమ్మాయి ఈడుది. "అమ్మా, నొప్పి ఏమైనా ఉందేమో చూడు. మా బావ ఇలాంటి మనిషి కాడు" అన్నాను.

"రోజూ చూస్తున్నానత్తా. పట్టీ లెక్కలో నొప్పి లేదు, దిగులు లేదు. అన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి. తెలివిలో ఉండి వద్దంటే బలవంతం చేసే హక్కు నాకు లేదు" అంది. మొహం చూస్తే దానికీ నిద్ర లేదని తెలిసిపోతోంది.

పట్టీ సంగతి రాయలేదు కదూ! మా అందరి మణికట్టుకీ ఒక పట్టీ ఉంటుంది. అది ఒంట్లో గుర్తులు కనిపెట్టి వార్డు మిషన్‌కి చెబుతుంది. మిషన్ రోజూ పొద్దున్నే గోడలోంచి ఆడగొంతుతో పేరుపేరునా పలకరిస్తుంది: "ఎలా ఉన్నారండీ?" మనం చెప్పిన జవాబు, పట్టీ పంపిన గుర్తులు జతచేసి నేర్చుకుంటుంది. నేర్చుకున్నదాన్ని బట్టి ఎవరికెంత నొప్పిమందు కావాలో, ఎవరి మనసు కుంగిందో లెక్కకట్టి పట్టీలోంచే మందు వదులుతుంది. దాని అసలు పేరేదో పెద్ద పేరు. మేం పిన్ని అంటాం.

మంగళవారం

దొరికింది! వరసగా రాస్తాను, లేకపోతే నాకే తెలియదు ఏం రాశానో.

పొద్దున వంటగదిలో ఇడ్లీపాత్ర మూత తీశాను. ఇక్కడ ఆవిరి భూమ్మీదలా సాఫీగా పైకి పోదు. ముద్దలా గిన్నె మీదే కూర్చుంటుంది. చిన్నప్పట్నుంచీ తెలిసిన సంగతే. ఇవాళ బావ మీద ధ్యాసలో మర్చిపోయి చెయ్యి పెట్టాను. ఓలమ్మోయ్! వార్డంతా అదిరేలా అరిచాను. గోరుచుట్టు మీద రోకటిపోటు, వెనక్కి గెంతితే గట్టు తగిలి తుంటి ఎముక కూడా సలిపింది. కళ్లంట నీళ్లు కారిపోతున్నాయి. సరిగ్గా అప్పుడు గోడలోంచి పిన్ని, ఎంతో ప్రేమగా: "సూరీడమ్మగారూ, ఇవాళ మీరు భేషుగ్గా ఉన్నారు. చాలా సంతోషం."

పట్టీ చూసుకున్నాను. నిగనిగలాడే ఆకుపచ్చ!

ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వొచ్చింది. భేషుగ్గా అన్న మాట నాది! రోజూ పొద్దున్నే పిన్ని అడిగితే నేను చెప్పే జవాబు అదే. ఎముకలు సలుపుతున్నా అదే, లేవబుద్ధి కాకపోయినా అదే. పొద్దున్నే ఇంటికొచ్చి పలకరించిన పిన్ని మొహాన ఎవరైనా ఏడుస్తారా? బాగున్నాం అంటాం. నువ్వు తిన్నావా అని కూడా అడుగుతాం. మా వార్డులో అందరం అడుగుతాం, దానికి నోరు తప్ప కడుపు లేదని తెలిసినా!

చన్నీళ్ల కింద చెయ్యి పెట్టించుకుంటూనే డాక్టరమ్మకి ఇదంతా చెప్పాను. ముందు తిట్టింది, బొబ్బ పగిలితే ఎంత ప్రమాదమో తెలుసా అని. తర్వాత తిట్టడం మానేసి నా వంక చూసింది. తర్వాత మిషన్ తెర ముందుకు పరిగెత్తింది. చంద్రుడి మీద పరిగెత్తకూడదు, కప్పుకి తల కొట్టుకుంటుంది. కొట్టుకుంది. అయినా ఆగలేదు!

మధ్యాహ్నానికి బయటికొచ్చి, "నిజమే అత్తా. నొప్పి ఉన్నప్పుడు ఒంట్లో వచ్చే గుర్తులన్నీ ఇది చూసింది. చూసిన ప్రతిసారీ మీరందరూ బాగున్నామన్నారు. దాని దృష్టిలో బూడిదవలసలో బాగుండటమంటే ఇదే" అంది.

"అయితే మేమే చెడగొట్టామా దాన్ని?"

"చెడగొట్టలేదు, మీ మర్యాద నేర్పారు. తప్పు నాది కూడా. ఆకుపచ్చ చూశాను, మీ బావ మొహం చూడలేదు."

అంటే బావకి నొప్పి ఉండొచ్చు! మందు లేని నొప్పి! నొప్పి వల్ల నిద్ర లేక, నిద్ర లేక దిగులు ముదిరి, ఆ దిగుల్లో వద్దన్నాడేమో! నొప్పికి మందుంది, దిగులుకీ ఉంది. గోంగూర మడి చుట్టూ రెండుసార్లు తిరిగాను, కాలు నిలవక. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక పిన్ని ఎక్కడ పెడుతుంది?

బుధవారం

ఇంత కోపం ఈ మధ్య రాలేదు నాకు.

పిన్నిని ఆపేశారు. దానికి మళ్లీ మొదట్నుంచీ నేర్పాలి. అందాకా డాక్టరమ్మే మంచం మంచానికీ వెళ్లి నోటితో అడుగుతానంది. నేనూ వెనకాలే వెళ్లాను, దండోరా వేసుకుంటూ: "ఉన్నదున్నట్టు సెప్పండి బాబూ, నొప్పుంటే నొప్పని సెప్పండి!"

మొదటి మంచం ముసలాయన లేచి కూర్చుని, "బాగుణ్ణాను తల్లీ. నీకే నిద్ర సాలినట్టు నేదు" అన్నాడు. రెండో మంచం ఆవిడ డాక్టరమ్మకి దిండు వేసి కూర్చోబెట్టి, కాళ్లు నొప్పులేమో అని అడిగింది. ఎవరికి? డాక్టరుకి! కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని పెద్దలు నేర్పిన బుద్ధి. మందులకి లొంగేది కాదు.

బావ దగ్గరికొచ్చాం. వెన్నెముక మీద వేలు ఆనించీ ఆనించకుండా నొక్కింది డాక్టరమ్మ. బావ దవడ బిగుసుకోవడం నేను చూశాను.

"నొప్పా మామా?"

"పర్నేదు తల్లీ. నీకు బోలెడు పనుంటాది. నాకోసం ఆగకు."

"ఎంత నొప్పో తెలియకుండా గట్టి మందు ఇవ్వలేను. తక్కువైతే పనిచెయ్యదు, ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది. మీరు చెప్పాలి."

"ఏటీ పర్నేదు."

నేను గదిలోంచి బయటికి వచ్చేశాను. లేకపోతే ఏదో ఒకటి అనేసేదాన్ని. శనివారం ఎంతో దూరం లేదు. మందు సీసాలో ఉంది, మనిషి మంచం మీద ఉన్నాడు, మధ్యలో 'పర్నేదు' ఒకటి అడ్డంగా కూర్చుంది.

సాయంత్రం అద్దం దగ్గర అప్పతో మొరపెట్టుకున్నాను. అప్ప కళ్లు తుడుచుకుని, "ఈ మనిసి బతుకులో లోటు పలికింది గాలిగుమ్మం కాడే. ఇంటికాడ ఏనాడు పలికినాడు గనక" అంది.

నేను కుర్చీలోంచి లేచిపోయాను, కప్పుకి తగిలేంత ఎత్తుకి!

గురువారం

గాలిగుమ్మం అంటే ఊళ్లోంచి గాలి లేని బయటికి పోయే రెండు తలుపుల గది. పనివాళ్లు తొడుగులు వేసుకుని అక్కడ నిలబడతారు. బయటి తలుపు తీసేముందు ప్రతివాడూ తన తొడుగులో లోటు పైకి పలకాలి. ఎడమ చేతొడుగు వదులు, అద్దం మీద గీత, మోకాలి దగ్గర కుట్టు పాతది, ఏదో ఒకటి. బాగానే ఉందంటే ఒప్పుకోరు. బాగానే ఉందన్నవాణ్ని వెనక్కి పంపేస్తారు.

ఈ పద్ధతి పెట్టింది మా బావే. నా చిన్నప్పుడు ఆయన ముఠాలో ఒకడు, మేస్త్రికి పని చెడుతుందని మొహమాటపడి, బాగానే ఉందని చెప్పి బయటికెళ్లాడు. చేతొడుగులో చిల్లు. తిరిగి రాలేదు. మర్నాటి నుంచి బావ లోటు పలకందే తలుపు తియ్యలేదు. "లోటు నేని తొడుగు నేదు, సెప్పని మనిసే ఉన్నాడు" అనేవాడు. పిలిచినవాడే ముందు తన లోటు పలకాలన్నది కూడా ఆయన పెట్టిందే.

పొద్దున డాక్టరమ్మని వెంటబెట్టుకుని బావ మంచం దగ్గరికి వెళ్లాను. గొంతు సవరించుకుని, గుమ్మం దగ్గర పిలిచే పిలుపు పిలిచాను:

"గుమ్మం కాడి కొచ్చినోల్లు లోటు పలకండో!"

నలభయ్యేళ్ల అలవాటు! గోడవైపు తిరిగి ఉన్న మనిషి చటుక్కున ఇటు తిరిగాడు. పాదాలు కిందికి వచ్చేశాయి కూడా. తర్వాత నన్ను చూసి, "ఏటే సూరీడూ, ఎగతాలా?" అన్నాడు.

"ఎగతాలి కాదు బావా. ఇది మన తొడుగే." గుండె మీద చెయ్యేసుకున్నాను. "తలుపు తీసే ముందు సెప్పాల."

"పిలిసినోల్లు ముందు పలకాల" అన్నాడు బావ, అది కూడా అలవాటుగానే.

అన్నాక నేను నోరు తెరిచాను. భేషుగ్గా అన్న మాట నాలుక చివరకి వచ్చేసింది! మింగేశాను.

"తుంటెముక. రోజంతా సలుపుతాది. మెట్టు ఎక్కితే మరీని. నోట్లో పుల్లు, కారం తగిలితే పేనం పోతాది." డాక్టరమ్మ తలెత్తి చూసింది, దానికి ఇంత ఉందని తెలియదు. ఆపేద్దామనుకున్నాను. కానీ బావ నా వంకే చూస్తున్నాడు, గుమ్మం దగ్గర ముఠావాళ్లని చూసినట్టు, ఇంకా ఉందా అన్నట్టు. "ఇంకోటుంది. నాను గోల గోలగా తిరుగుతాను గదా, పొద్దున లేవగానే కాసేపు ఏడుపొస్తాది బావా. ఎందుకో తెల్దు. ఆ ఏడుపు ఎవులికీ కనబడకూడదనే వొంటగదికి ముందెల్లిపోతాను."

చెప్పేశాను. మంచం అంచున కూర్చున్నాను. సిగ్గేసింది. తేలిగ్గా కూడా అనిపించింది, ఆ రెండూ ఒకేసారి వస్తాయని నాకు తెలియదు.

బావ మంచం పట్టె పట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. తర్వాత గుమ్మం దగ్గర పలికినట్టే, ఒక్కొక్క ముక్క, ఎదురుగా చూస్తూ:

"నడుం. లోపల్నుంచి గునపంతో పొడిసినట్టుంటాది. రెండు కాల్లూ. పడుకుంటే ఎక్కువ, కూకుంటే ఎక్కువ. కునుకు నేదు." ఆగాడు. "అన్నం మట్టి నాగుంటాది."

"ఎప్పట్నుంచి మామా?" అంది డాక్టరమ్మ నెమ్మదిగా.

"మొదటి కోర్సు కాడ్నుంచీ."

అయిపోయిందనుకున్నాను. కాలేదు. మేస్త్రి లోటు పలికితే సగంలో ఆపడు.

"గున్నమ్మ అద్దం కాడి కొస్తే సూడబుద్దవదు. అది నవ్వితే నాకు కోపమొస్తాది. ఏ పనీ సెయ్యబుద్దవదు, ఏదీ తలవబుద్దవదు. నానున్నా ఒకటే, నేకపోయినా ఒకటే అనిపిస్తాది. ఇంత పిరికోడినైపోనాను తల్లీ."

డాక్టరమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "పిరికితనం కాదు మామా. రక్తంలో జబ్బు లాగే ఇదీ ఒక జబ్బు. దానితోపాటే వచ్చింది. నొప్పి ఇన్నాళ్లు పట్టి పీడిస్తే ఎవరికైనా వస్తుంది. దీనికి మందుంది, కూర్చుని మాట్లాడే మనుషులున్నారు. నొప్పికి ఇప్పుడే, ఈ నిమిషమే ఇస్తాను. మనసుకి ఇచ్చేది మెల్లగా, కొన్ని వారాలకి పట్టు దొరుకుతుంది. చచ్చిపోవాలనిపించినా నాకే ముందు చెప్పాలి. చెప్తారా?"

"సెప్తాను" అన్నాడు బావ. పర్నేదు అనలేదు! సెప్తాను అన్నాడు!

ఈలోగా మొదటి మంచం ముసలాయన నడుం మీద చెయ్యేసుకుని, "నా లోటు కూడా పలికీమంటారేటి?" అన్నాడు.

శుక్రవారం

బావ నిన్న మధ్యాహ్నం నిద్రపోయాడు. నోరు తెరుచుకుని, గురకపెట్టి! ఆ గురక విని నేను చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాను. లేచి గోంగూర పప్పు నాలుగు ముద్దలు తిన్నాడు. "ఉప్పెవులేసినారే దీన్ల? ఏసినారా అసలు?" అన్నాడు. నేనే వేశాను. తిట్టించుకున్నందుకు ఇంత ఆనందం ఎప్పుడూ పడలేదు.

వార్డంతా లోట్ల మీద లోట్లు. డాక్టరమ్మ పరుగులు పెడుతోంది. నొప్పి లేనివాళ్లు ఇద్దరే తేలారు. నాకూ తుంటికి మందు వేశారు. రోజూ సాయంత్రం మనసు డాక్టరు ఒకావిడ తెరలో మాట్లాడతానంది, నా పొద్దుటి ఏడుపు గురించి. నేను సరేనన్నాను. పిన్నికి కూడా కొత్త పాఠం మొదలైంది. ఇకనుంచి ఎలా ఉన్నారని అడగొద్దు, లోటు పలకమని అడుగు అని నేర్పుతున్నారు.

కానీ అసలు సంగతి తేలలేదు. సాయంత్రం డాక్టరమ్మ బావ పక్కన కూర్చుని, "మూడో కోర్సు కష్టమే, అబద్ధం చెప్పను. ఈసారి నొప్పిని ముందే కట్టేస్తాం, మీరు పలికితే చాలు. నొప్పి తగ్గాక కూడా వద్దంటే అది మీ మాట, తలొంచుతాను. నొప్పి పడలేక వద్దంటే మాత్రం అది మీ మాట కాదు, నొప్పి మాట" అంది.

"రేపు సెప్తాను" అన్నాడు బావ.

శనివారం

పొద్దున్నే లేచాను. ఏడుపు వచ్చింది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కాసేపుండి పోయింది.

కోర్సు గది తలుపు తీసి పెట్టారు. లోపలికెళితే నెల రోజులు బయటికి రావడానికి లేదు, అద్దం దగ్గరికి కూడా. బావ మంచం దిగాడు. గోడ పట్టుకుని నడిచాడు. కోర్సు గదికి కుడివైపు తిరగాలి, ఊళ్లోకి ఎడమవైపు. ఆయన ఏ వైపూ తిరగకుండా తిన్నగా అద్దం దగ్గరికి వెళ్లాడు. అప్ప తెల్లారకుండానే వచ్చి అక్కడ కూర్చుని ఉంది.

"ఎలగున్నావు?" అంది అప్ప.

బావ అప్ప మొహంలోకి చూశాడు.

"బయమేస్తంది గున్నమ్మా."

అప్ప మొహం చూడాలి మీరు! ఏదో సర్దిచెబుతుందనుకున్నాను. ఏం కాదులే అంటుందనుకున్నాను.

"నాకూ ఏస్తంది" అంది. "ఇంటికాడ ఒక్కర్తినీ అన్నం వొండుకోడం నేదు నాను. నీకు సెప్పనేదు."

ఆయన అద్దం మీద చెయ్యి పెట్టాడు. పెద్ద చెయ్యి, రాయి కొట్టిన చెయ్యి. అప్ప అవతల్నుంచి తన చెయ్యి ఆనించింది.

"ఎల్లమంటావా మరి?"

"ఎల్లు. బయంతోటే ఎల్లు. నాను ఇక్కడే ఉంటాను."

బావ కుడివైపు తిరిగాడు! గడప దగ్గర డాక్టరమ్మ చెయ్యి అందించబోతే వద్దని, గోడ పట్టుకుని తనే లోపలికి వెళ్లాడు. తలుపు పడింది. వార్డంతా చప్పట్లు, ఈలలు. మొదటి మంచం ముసలాయన అయితే దిండు ఎగరేశాడు, అది కప్పుదాకా వెళ్లి నెమ్మదిగా దిగింది.

నేను అద్దం దగ్గరికి పరుగెత్తాను. అప్ప చెయ్యి ఇంకా అద్దం మీదే ఉంది. ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ కలిసిపోయాయి.

"సూరీడూ" అంది, "మనువాడిన కాడ్నుంచి ఇయ్యాలే నాతోటి మాటాడినాడే ఈ మనిసి."